తాతయ్య తుపాకి గొట్టం 27⅜ అంగుళాలు: అసలు పొడవేనా, ఎవరైనా కోయించారా?

కొవ్వూరు_వాసి · ఆదివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మమ్మగారింటి తుపాకి లైసెన్సు పోయిన ఏడాది నా పేరిట మారింది. తాతయ్య పోయాక ఇన్నాళ్ళూ మామయ్య పేరున ఉండేది. 12 బోర్, పక్కపక్కన రెండు గొట్టాలు, బయటికి కనిపించే హామర్లు. నూనె గుడ్డతో తుడిస్తే గొట్టాల మీద చీర అంచులాగా మెలికల గీతలు తేలాయి. రెంటి నడుమ పట్టీ మీద మద్రాసు దుకాణం పేరు ఉంది. తయారుచేసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు.

నా సందేహం పొడవు గురించి. గొట్టాలు విడదీసి కొలిస్తే 27⅜ అంగుళాలు వచ్చింది. మూడుసార్లు కొలిచాను, అంతే. ఎక్కడ చదివినా పాత ఇంగ్లీషు తుపాకులు 28, 30, 32 అంటున్నారు. మరి ఈ చిల్లర లెక్కేమిటి?

ఇంకో మాట. తాతయ్య కొల్లేట్లో నలభై గజాల దూరాన బాతును కొట్టేవాడని, తర్వాత చూపు మందగించి దగ్గరివి కూడా తప్పిపోయేవని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఇదంతా 1972 వన్యప్రాణి చట్టానికి ముందు మాట. ఈ తుపాకి ఆయన చేతిలోదే కనుక చెప్పాను.

ఓరుగల్లు_శీను · ఆదివారం, ఉదయం 10:40

అన్నా, మంచి వస్తువు నీ చేతికొచ్చింది. మా నాయిన ముప్పై ఏండ్లు తుపాకులు రిపేరు చేసిండు, నేను ఆ షాపులనే పెరిగిన. రెండు ఫొటోలు పెట్టు. ఒకటి గొట్టాల మూతికి ఎదురుంగ నిలబడి తీసింది. ఇంకోటి గొట్టాలు బోర్లా తిప్పి, వెనుక అడుగున చదునుగ ఉన్న జాగల ముద్రలు. సీరియల్ నంబరు మీద కాయితం పెట్టి కప్పు, నెట్ల పెట్టొద్దు.

అప్పటిదాక ఎవ్వలతోని మెరుగు పెట్టియ్యకు. ముద్రలు అరిగినయంటే దాని చరిత్ర పోయినట్టే.

పాత_ఇనుము · ఆదివారం, మధ్యాహ్నం 2:05

కొవ్వూరు_వాసి గారూ, ఫొటోలు వచ్చేలోపు పొడవుల కథ కాస్త చెబుతాను. నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాను. వేలాలకు ముందు తుపాకులు చూడనిచ్చే రోజుల్లో వెళ్ళి, కొనకపోయినా గంటల తరబడి చేత్తో పట్టుకుని చూస్తుంటాను. పాత తుపాకి పొడవు మోజు కొద్దీ పెట్టిన అంకె కాదు. ఆ కాలంలో మందు ఎలా అంటుకునేదో దాని వెనక ఉంటుంది.

17, 18 శతాబ్దాల చెకుముకి తుపాకుల్లో పిట్టలు కొట్టే ఒంటి గొట్టం తుపాకి నాలుగడుగులు ఉండటం మామూలు. అంతకు మించినవీ ఉన్నాయి. మూతి నుంచి మందు పోసి, పొడుగు కర్రతో దట్టించి, నీళ్ళ మీద వాలిన గుంపు మీదికి ఆనించి పేల్చేవారు. పక్కనున్న చిన్న రంధ్రంలోంచి నిప్పు లోపలికి పోవాలి. అది మందు కుప్పను ఒక అంచున తాకుతుంది, మిగతాది ఆ తర్వాత అంటుకుంటుంది. మందంతా కాలే వరకు గుళ్ళు గొట్టంలోనే ఉండాలంటే గొట్టం పొడుగ్గా ఉండాలని నమ్మకం.

1787లో లండన్ తుపాకుల పనివాడు హెన్రీ నాక్ ఒక పేటెంట్ తీసుకున్నాడు. గొట్టం అడుగున అసలు మందుకు వెనక ఇంకో చిన్న గది పెట్టాడు. నిప్పు ముందు ఆ గదిలో మందును అంటిస్తుంది, అక్కడి నుంచి మంట సూటిగా దూసుకొచ్చి అసలు కుప్పను నడిమధ్యన తాకుతుంది. మందు ఒక్కసారిగా అంటుకుంటుంది. ఇక అంత పొడవు అవసరమేముంది? గొట్టాలు 30, 32 అంగుళాలకు దిగాయి. పొడవు తగ్గితే బరువు తగ్గింది. బరువు తగ్గాకే రెండు గొట్టాలు పక్కపక్కన పెట్టినా భుజాన మోయగలిగే తుపాకి వచ్చింది. ఎగిరే పిట్ట వెంట తిప్పి కొట్టడం కులాసా వ్యవహారమైంది. జోసెఫ్ మాంటన్ లండన్‌లో ఆ జోడు గొట్టాల తుపాకిని నగలాగా తీర్చిదిద్దాడు. 1806లో గొట్టాల నడుమ ఎత్తైన పట్టీకి పేటెంట్ తీసుకున్నాడు. మీ తుపాకి మీద దుకాణం పేరు చెక్కిన పట్టీకి పూర్వీకురాలు అదే. ఇంతా చేసి 1826లో ఆయన దివాలా తీశాడు. ఆయన దగ్గర పనిచేసిన జేమ్స్ పర్డీ సొంతంగా పెట్టిన దుకాణం మాత్రం ఈనాటికీ ఉంది.

మాంటన్ పట్టీ పేటెంట్ వచ్చిన మరుసటి ఏడే, 1807లో, స్కాట్లాండ్ చర్చి పాస్టర్ అలెగ్జాండర్ ఫోర్సైత్ చెకుముకి బదులు దెబ్బకు పేలే మందు వాడే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. చెకుముకి మెరుపు చూసి బాతులు ఎగిరిపోతున్నాయన్నది ఆయన బాధ. దాని వంశంలోదే మన పల్లెల్లో కేపు తుపాకి. నిప్పు ఇంకా తొందరగా అందింది. 1850ల తర్వాత వెనక నుంచి తూటా పెట్టే తుపాకులు వచ్చాయి. అప్పటికి 30 అంగుళాలు అలవాటుగా స్థిరపడింది.

కొలత గురించి ఒక మాట. మీ దానిలాంటి, మధ్యలో మడిచి తూటా పెట్టే తుపాకికి గొట్టం వెనక అంచు నుంచి మూతి దాకా కొలవాలి, మీరు సరిగానే కొలిచారు. మూతి నుంచి దట్టించే రకానికి బ్రిటన్ చట్టం ప్రకారం మూతి నుంచి మందు పేలే చోటి వరకు కొలవాలి.

గుట్టల_దారి · ఆదివారం, మధ్యాహ్నం 3:31

పాత_ఇనుము గారూ, గొట్టం ఎంత పొడవైతే దెబ్బ అంత దూరం పోతుందని మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఒట్టేసి చెప్పేవారు. ఆరడుగుల నాటు తుపాకి ముందు ఈ జోడు తుపాకులు ఆగవనేవారు. ఆ మాటలో నిజం లేదా?

లెక్కల_మాస్టారు · ఆదివారం, సాయంత్రం 6:18

గుట్టల_దారీ, వాళ్ళు కళ్ళతో చూసినదాంట్లో నిజం ఉంది, చెప్పిన కారణమే సరికాదు. నేను ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు తెలిసినంత చెబుతాను.

మందు అంటుకున్నాక గొట్టం మొదటి కొన్ని అంగుళాల్లోనే ఒత్తిడి శిఖరానికి చేరుతుంది. ఆ తర్వాత గుళ్ళు ముందుకు పోయే కొద్దీ వాయువుకు జాగా పెరిగి ఒత్తిడి పడిపోతుంది. చివరి అంగుళాల్లో తోపు చాలా తక్కువ. ఈనాటి 12 బోర్ తూటా సుమారు సెకనుకు 1200 అడుగుల వేగంతో వెళ్తుందనుకుంటే, గొట్టం ఒక అంగుళం పెరిగినా తగ్గినా 5 నుంచి 10 అడుగుల తేడా వస్తుంది. మూడంగుళాలు పోయినా నూటికి రెండు పాళ్ళు. బాతుకు అది తెలియదు.

మరి పెద్దవాళ్ళు చూసిందేమిటంటే, పొడుగు తుపాకి బరువైనది కనుక ఎక్కువ మందు, ఎక్కువ సీసం పట్టేది. దెబ్బ దూరం పోయేది అందువల్ల. ఇంగ్లాండులో పడవకు బిగించి పేల్చే పంట్ గన్లు ఎనిమిది, తొమ్మిదడుగులు ఉండేవి, ఒక్కసారికి పౌను, అంతకంటే ఎక్కువ సీసం కక్కేవి. ఆ బరువుకు తగిన పొడవు అది.

పాత పనివాళ్ళ లెక్క ఒకటుంది, నాకు చాలా ఇష్టం. గొట్టం పొడవు దాని లోపలి వ్యాసానికి నలభై రెట్లు ఉండాలి. బోర్ అంటే ఏమిటో కొత్తవాళ్ళ కోసం చెబుతాను: ఒక పౌను సీసాన్ని సమానంగా 12 గుండ్లు పోస్తే, ఒక్కో గుండు పట్టే గొట్టం 12 బోర్. ఆ వ్యాసం 0.729 అంగుళం. నలభైతో గుణిస్తే 29.2, అంటే 30కి దగ్గర. 10 బోర్ 0.775, గుణిస్తే 31. అవి 32 అంగుళాల్లో వచ్చేవి. 8 బోర్ 0.835, గుణిస్తే 33.4. చిత్తడి నేలల బాతుల వేటకు చేసినవి 34, 36 ఉండేవి. 4 బోర్ 1.052, గుణిస్తే 42. అదీ సరిపోతుంది. చిన్నవాటికి వచ్చేసరికే లెక్క తప్పుతుంది. 20 బోర్‌కు 24.6 రావాలి, కానీ 28 పెట్టేవారు. అంత పొట్టి తుపాకి చేతిలో తేలిపోతుంది, గురి నిలవదు.

మీ 27⅜ ఈ లెక్కకు ఏ మూలా అందలేదు కొవ్వూరు_వాసి గారూ. అనుమానించాల్సిందే.

డల్లాస్_పద్మ · ఆదివారం, రాత్రి 9:50

మాస్టారూ నమస్తే. లెక్కకు అందలేదని కోశారనుకోవడం తొందరపాటేమో. కొనేవాడి చేతికి, భుజానికి కొలత తీసి చేసిన తుపాకులు అవి. 27, 29 అంగుళాలు అడిగి చేయించుకున్నవాళ్ళు ఉన్నారు. 1920ల్లో లండన్ తుపాకుల వ్యాపారి రాబర్ట్ చర్చిల్ 25 అంగుళాల గొట్టాలే మేలని వాదించి అమ్మాడు. కంటికి పొట్టిగా అనిపించకుండా పట్టీని ఎత్తుగా, సన్నగా కూచిగా చేయించాడు. దాని పేరే రోమన్ అంకెల్లో ఇరవై అయిదు.

మా దగ్గర సంగతి వేరు. కనెక్టికట్‌లోని మెరిడెన్‌లో పార్కర్ బ్రదర్స్ చేసిన పాత జోడు తుపాకులు ఇక్కడి ప్రదర్శనల్లో చూస్తుంటాను. 12 బోర్ 30, 10 బోర్ 32 ఎక్కువ కనిపిస్తాయి. 1897 మోడల్ వించెస్టర్ పంపు తుపాకి వేటకు 30 అంగుళాలు, అదే తుపాకి మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల కోసం 20 అంగుళాలకు దిగింది. ఇరుకు కందకంలో పొడుగు గొట్టం తిప్పలేరు కదా. 1934 నుంచి ఇక్కడ 18 అంగుళాలకు తక్కువ గొట్టం ఉంటే ప్రత్యేకంగా రిజిస్టరు చేయించాలి.

నేను మట్టి పళ్ళేలు కొట్టే పోటీలకు వెళ్తాను. నాది 32. పొడుగు గొట్టం ఒకసారి కదిలితే మధ్యలో ఆగదు, పళ్ళెం వెంట సాఫీగా సాగుతుంది. అందుకే 30, 32 మళ్ళీ రాజ్యమేలుతున్నాయి.

పాత_ఇనుము · సోమవారం, మధ్యాహ్నం 12:20

పద్మ గారూ, మంచి మాట. అడిగి చేయించుకున్న పొడవులు ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ అడిగినవాళ్ళు పూర్తి అంగుళమో అరంగుళమో అడుగుతారు. ⅜ ఎవరు అడుగుతారు? పైగా చర్చిల్ వాదన పొగలేని మందు కాలానిది. మెలికల గొట్టాలు, హామర్లు చూస్తే కొవ్వూరు_వాసి గారిది అంతకంటే యాభై ఏళ్ళు పాతది. ఏదైనా ముద్రలే చెప్పాలి.

కొవ్వూరు_వాసి · సోమవారం, రాత్రి 8:02

ఫొటోలు పెట్టాను. అడుగున ముద్రలు లెన్సు పెట్టి చదివాను. కిరీటం, దాని కింద అడ్డంగా రెండు రాజదండాలు, చుట్టూ బి, పి, సి అక్షరాలు. అలాంటిదే ఇంకోటి, దానిలో వి అక్షరం. పక్కన 12 బి, దాని కింద 14 ఎం. రెండు గొట్టాల మీదా ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో "నాట్ ఫర్ బాల్" అని ఉంది. బంతి కాదని ఎందుకు రాశారో అర్థం కాలేదు.

పాత_ఇనుము · సోమవారం, రాత్రి 8:45

కొవ్వూరు_వాసి గారూ! ఆ మూడు మాటలు మీకు దొరికిన నిధి.

కిరీటం, రాజదండాలు మా ఊరి పరీక్షా కేంద్రానివి, 1813లో మొదలైంది. ఇక్కడ చేసిన ప్రతి గొట్టాన్ని మామూలు కంటే ఎక్కువ మందు పోసి పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్ పనివాళ్ళు పేరు చెక్కకుండా తుపాకులు చేసి వ్యాపారులకు ఇచ్చేవారు, పట్టీ మీద అమ్మినవాడి పేరు పడేది. మద్రాసులో గడియారాలకు పేరుపడ్డ పి. ఓర్ అండ్ సన్స్ వాళ్ళు తుపాకులు కూడా అమ్మేవారు.

"నాట్ ఫర్ బాల్" అంటే ఇందులో ఒంటి గుండు పేల్చకండి అని హెచ్చరిక. ఎందుకంటే మూతి దగ్గర గొట్టం లోపల సన్నబడి ఉంటుంది. దాన్నే చోక్ అంటాం. గుళ్ళు చెదరకుండా గుత్తిగా పోవడానికి. న్యూకాజిల్ తుపాకుల పనివాడు పేప్ 1866లో పేటెంట్ తీసుకున్నాడు, 1870ల నడుమ మా ఊరి తుపాకుల పనివాడు గ్రీనర్ దాన్ని జనంలోకి తెచ్చాడు. ఈ ముద్ర 1875 నుంచి 1887 వరకే వేశారు. మీ తుపాకి పుట్టింది ఆ పన్నెండేళ్ళలో. 12 బి అంటే లోపల 12 బోర్, 14 ఎం అంటే మూతి దగ్గర 14 బోర్ అంత సన్నం. వ్యాసాలు 0.729, 0.693. తేడా 36 వేలవంతులు. అంటే గట్టి చోక్.

వెర్నియర్ కాలిపర్ ఉందా? మూతి లోపలి వ్యాసం కొలిచి చెప్పండి. 17.6 మిల్లీమీటర్లు వస్తే పుట్టినప్పటి మూతి అది. 18.5 వస్తే మూతి పోయింది.

ఓరుగల్లు_శీను · సోమవారం, రాత్రి 9:10

కొలవకముందే నేను చెప్తున్న. మూతి ఫొటో పెద్దగ చేసి చూడండి. జోడు గొట్టాలు వెనుక మందం, ముంగటికి పోయే కొద్ది పల్చన. అసలు మూతి కాడ రెండు గొట్టాలు ఒకదానికొకటి తగిలినట్టే ఉంటయి. గీడ నడుమ సన్న సందు ఉన్నది, దాంట్ల తగరం మాటు నింపిండ్రు, జర బూడిద రంగుల మెరుస్తున్నది. మా నాయిన గసొంటి మూతి చూడంగనే "దీని ముక్కు కోసిండ్రు" అనేటోడు. గురి చూసే ముంగటి పూస కూడ కొత్తది, ఇత్తడిది, స్క్రూ కొద్దిగ వంకరగ దిగింది.

కొవ్వూరు_వాసి · మంగళవారం, ఉదయం 7:30

పాలిటెక్నిక్‌లో పనిచేసే స్నేహితుడి దగ్గర వెర్నియర్ తెచ్చాను. కుడి మూతి 18.5. ఎడమ మూతి 18.5.

పాత_ఇనుము · మంగళవారం, మధ్యాహ్నం 1:15

అయితే తేలిపోయింది. చోక్ అనేది మూతికి చివరి రెండు, మూడు అంగుళాల్లోనే ఉంటుంది. పుట్టినప్పుడు 30 ఉండి ఉంటుంది, 2⅝ అంగుళాలు కోశారు, ఆ ముక్కతో చోక్ మొత్తం పోయింది.

ఇలాంటి కోతలు మూడు కారణాలకు జరుగుతాయి. మూతి సొట్టపోవడం, తుప్పు తినడం, లేదా మూతిలో బురదో మంచో ఇరుక్కుని ఉండగా పేల్చడం. మూడోది జరిగితే చివరి అంగుళాలు పువ్వులాగా విచ్చుకుంటాయి.

వకీల్_సుధ · మంగళవారం, సాయంత్రం 5:40

గుంటూరు నుంచి. రెండే మాటలు. ఒకటి, 1959 ఆయుధ చట్టం 6వ సెక్షన్ ప్రకారం గొట్టం పొట్టి చేయించడానికి విడిగా లైసెన్సు కావాలి. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 1962 అక్టోబరు 1న. తాతగారి కాలంలో ఎవరు ఎప్పుడు చేశారో ఏమో, మీరు మాత్రం "మూతి సమం చేస్తాం" అని ఎవరన్నా ఇంకో నూలు మందం కూడా తీయనివ్వకండి. రెండు, పురాతన వస్తువు కదా లైసెన్సు ఎందుకని ఎవరో ఒకరు మీకు చెబుతారు. వినకండి. 45వ సెక్షన్‌లో ఆ మినహాయింపు మరమ్మతు చేసినా పేలని ఆయుధానికే. మీది అలాంటిది కాదు. లైసెన్సు గడువు తప్పనివ్వకండి.

ఓరుగల్లు_శీను · మంగళవారం, సాయంత్రం 6:02

సుధ మేడం మాటకు నాది ఇంకొకటి. అన్నా, దాంట్ల ఇప్పటి తూటా పెట్టి పేల్చకు. ముద్రలల్ల నైట్రో అన్న మాట లేదు. పొగలేని మందుకు ఆ పరీక్ష ముద్ర 1896లనే వచ్చింది. నీ గొట్టాలు పాత తుపాకిమందుకే పరీక్షించినయి. ఇనుము, ఉక్కు పట్టీలు పేని, చుట్టి, కొలిమిల అతికి చేసిన గొట్టం, నూట నలభై ఏండ్లది. అతుకులల్ల లోపట తుప్పు ఉంటే పైకి కనబడది. తూటా గది కూడ పాత రెండున్నర అంగుళాలది ఉంటది, ఇప్పటి రెండుంబావు తూటా అండ్ల విచ్చుకోదు, ఒత్తిడి పెరుగుతది.

లెక్కల_మాస్టారు · మంగళవారం, రాత్రి 8:25

శీనూ, చివర్లో రెండుంబావు అన్నావు, రెండుంముప్పావు అయి ఉండాలి, 70 మిల్లీమీటర్లు. పాతది 65. మిగతాదంతా అక్షరాలా నిజం.

కొవ్వూరు_వాసి గారూ, మీ మొదటి పోస్టు మళ్ళీ చదివాను. తాతగారి చూపు గురించి రాశారే, అక్కడ ఆగిపోయాను. వేగం లెక్క ప్రకారం 2⅝ అంగుళాల కోతకు సెకనుకు 13 నుంచి 26 అడుగులే పోతుంది. అది లెక్కలోకి రాదు. కానీ చోక్ పోతే వేరు. 40 గజాల్లో 30 అంగుళాల చక్రం గీస్తే, గట్టి చోక్ ఉన్న గొట్టం వందలో 70 గుళ్ళను అందులో పెడుతుంది. చోక్ లేనిది 40 మాత్రమే. మిగతావి చుట్టూ చెదిరిపోతాయి. అంటే అదే మనిషి, అదే గురి, అదే తూటా. గుళ్ళలో దాదాపు సగమే బాతు చుట్టూ చేరతాయి, సందుల్లోంచి అది ఎగిరిపోతుంది.

కోయించింది ఎప్పుడో కనుక్కోగలరా? చూపు తగ్గిందని ఇంట్లో అనుకోవడం మొదలైంది ఎప్పుడో కూడా.

కొవ్వూరు_వాసి · గురువారం, రాత్రి 10:15

మాస్టారూ, నిన్న మామయ్యతో గంటసేపు మాట్లాడాను. ఆయనకిప్పుడు డెబ్భై ఆరు. కోసిన సంగతి అడగ్గానే "నీకెవరు చెప్పార్రా" అన్నాడు. తుపాకే చెప్పింది మామయ్యా అన్నాను.

అప్పుడాయనకు పదకొండో పన్నెండో. కొల్లేట్లో తెల్లవారుజామున తాటి దోనెలో వెళ్ళారు, ముందు తాతయ్య, వెనక గెడ వేసే మనిషి, మధ్యలో మామయ్య. దోనె ఒరిగితే తాతయ్య నిలదొక్కుకోవడానికి తుపాకిని కిందికి ఆనించాడు. మూతి నాచులోకి, రొంపిలోకి దిగింది. చీకట్లో ఎవరూ చూసుకోలేదు. తెల్లారాక మొదటి దెబ్బకు కుడి మూతి విచ్చుకుపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. తాతయ్య మాత్రం చాలాసేపు మామయ్య తల నిమురుతూ కూర్చున్నాడట. ఇంట్లో చెప్పొద్దని మాట తీసుకున్నాడు. మామయ్య అరవై అయిదేళ్ళు ఆ మాట నిలబెట్టాడు. పెళ్ళానికి కూడా చెప్పలేదు.

కోత పని ఊళ్ళోనే ఎవరో చేశారు, రెండు గొట్టాలూ సమంగా రావాలని ఎడమదీ కోశారు. ఆ చలికాలం నుంచే దూరపు బాతులు తప్పిపోవడం మొదలైంది. తాతయ్యకు కళ్ళజోడు మార్పించారు. మరుసటి ఏడు ఇంకోసారి మార్పించారు. ఆ రెండో కళ్ళజోడు అమ్మ దగ్గర ఇప్పటికీ ఉంది.

మీరు రాసిన 70, 40 లెక్క మామయ్యకు ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. "మీ అమ్మకు కూడా ఫోన్ చేసి చదివి వినిపించు, ఇప్పుడే" అన్నాడు.